కింది వరుస

పత్తికొండ యార్డులో టమాట కిలో రూపాయికి దిగిన దినం
మీటింగు పెట్టినారు.
చెప్పినోళ్ల మాటలన్నీ రాసి, మేలైనవి పైన పెట్టి
పెద్దాఫీసుకు పంపాలంట.
చేతిరాత బాగుంటాదని
ఆ పని నా మెడకు చుట్టినారు.

పొద్దున తొమ్మిదికి మొదటి మాట మండీ ఓబుల్రెడ్డిది.
"రోడ్డు మీద పారబోద్దాం, టీవీలోళ్లే ఉరుక్కుంటా వస్తారు."
అప్పుడే టీ తాగిన చేతులు,
లెక్కబెట్టినా, నూటముప్పై జతలు.
తర్వాత లేచినోళ్లలో సగం మంది
ఆ మాటనే తిరగేసి మడతేసి చెప్పినారు.
వాటికీ చప్పట్లే.
పైనుందని చూస్తారు, చూసినారని పైనుంటాది.

తిక్కన్న కొడుకు జ్యూసు ఫ్యాక్టరీ అడిగినాడు.
మా నాయన కాలం నుంచీ అడుగుతానే ఉండాం.
ఆ మాటకు చేతులు అలవాటు మీద కలుస్తాయి,
దావలో గుడి కనబడితే దండం పెట్టినట్టు.

రెండున్నరకు దేవనకొండ బస్సు హారను కొట్టింది.
కుర్చీలు ఖాళీ.
అప్పుడు లేచింది, కొంగుకు చేతులు తుడుచుకుంటా,
కాయలేరే కాశింబీ.
"అందరి కాయా ఒగే వారంలో ఎర్రబడతాంది సామీ.
ఊరూరికీ పదేసి దినాలు ఎడం పెట్టి నాటుకుంటే
నాకు ఏరను తీరికుంటాది, మీ కాయకు ధరుంటాది."
విన్నది నలుగురు.
నలుగురూ తలూపినారు.
ఒకడు కునికిపాట్లలో ఊపినాడేమో, ఒట్టేసి చెప్పలేను.

రాత్రి లైటు కింద కాగితం ముందేసుకుంటే
పెన్ను కదల్లేదు.
నూటముప్పై పెద్దదా, నాలుగుకు నాలుగు పెద్దదా?
ఓబుల్రెడ్డిని విన్నోళ్లు మూడొందల మంది.
చేతులు కట్టుకుని కూచున్న ఆ నూటడెబ్బై మందిని
ఏ గడిలో రాయాల?
కాశింబీని కాదన్నోడు ఒక్కడూ లేడు,
విన్నోడే లేకపాయె.

తెల్లారి ఆమెనే అడిగితిని.
"నీది పైన రాయనా అక్కా? అందరూ ఒప్పుకున్నారు గదా."
ఆమె పక్కనున్న గంపలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.
పైవరుస పెండ్లికి తయారైనట్టుంది.
అడుగు నుంచి తీసిన కాయ పగిలి నీరు కారతాంది.
ఇంకో గంప: పైన మచ్చలు,
అడుగున గట్టిగా, గుండ్రాళ్ల మాదిరి.
"నాలుగు కాయలు చూసి గంప మంచిదంటే
నన్ను పనిలో ఉంచరు అబ్బయా.
నాలుగు బాగుంటే ఇంకా లోపలికి చెయ్యి పెట్టమని, అంతే.
నాది పైన రాయొద్దు.
జనం నిండుగున్నప్పుడు ఒగసారి చదువు."

మరుసటి దినం వేలం మొదలు కాకముందే
మైకు తీసుకున్నా.
చివరి మాట ముందు, మొదటిది చివర,
పేర్లు తీసేసి.
ఔనన్నోళ్లు చెయ్యెత్తండి, కాదన్నోళ్లూ ఎత్తండి.
యాలైతాందని తిట్టినారు.
రోడ్డు మీద పారబోసే మాట చదివినప్పుడు
చేతులు సగం లేచి పక్కోని మొహం చూసినాయి.
"ఎవురన్నారప్పా ఈ మాట?"
"ముందు ఎత్తు, తర్వాత చెప్తా."

ఎడం పెట్టి నాటే మాటకు
వెనకనుంచి ఒక ముసలాయన అడ్డం పడినాడు:
"బోర్లో నీళ్లుండేదే నెల. పది దినాలాగితే
నారు ముదిరిపోదా?"
నిజమే. అదీ ఆమె మాట కిందనే రాసినా.

అన్నీ కూడితే మొదటిది కాటా సరిజెయ్యమన్న మాట.
ఎవురన్నారో నా పుస్తకంలో లేదు,
ఆ హడావుడిలో పేరు రాసుకోలేదు.
కాశింబీది మూడోది.
చెప్పితే తలెత్తలేదు.
"తూకానికొచ్చింది గదా, పో" అనింది,
చెయ్యి ఇంకా గంప అడుగునే ఉండాది.

వచ్చే మీటింగు వెనక వరుస నుంచి మొదలుపెట్టాలని
పుస్తకం అట్ట లోపల రాసుకున్నా.
ఎవురూ చప్పట్లు కొట్టలేదు.
ఎవురికీ చదివి వినిపించలేదు గదా.